సైనేడు దిబ్బల మీద పందెం

మా నెల్లూరులో ఎవరితోనైనా కోలారు బంగారు గనులకు వెళ్ళొచ్చానంటే ముందు నా వేళ్ళ వంక చూస్తున్నారు, ఉంగరమేమైనా తెచ్చుకున్నానేమోనని. అక్కడ ఉండి కూడా గురిగింజ ఎత్తు బంగారం కంటితో చూడకుండా తిరిగొచ్చిన ఘనుణ్ణి నేను. నేను చూసింది తెల్లమట్టి దిబ్బలు, వాటి మీద మోటారు సైకిళ్ళు. వెళ్ళిందీ వాటి కోసమే.

నాకు ట్రంకు రోడ్డులో స్పేర్ పార్టుల దుకాణం ఉంది. మా ఊరి మోటారు సైకిళ్ళ క్లబ్బులో సభ్యుణ్ణి. ఇలాంటి క్లబ్బులన్నిటికీ పైన దేశం మొత్తానికీ ఒక సంఘం ఉంది. పందెం ఎక్కడ జరిగినా ఆ సంఘం మనిషి వచ్చి చూసి సరేనంటేనే అది పందెం, లేకపోతే ఊరేగింపు కిందే లెక్క. గనుల ఊరి క్లబ్బువాళ్ళు తమ పందేన్ని గుర్తించమని ఈసారి అడిగారు. చూసి రావడానికి సికింద్రాబాదు నుంచి రిటైరైన మేజరుగారొకరు బయల్దేరారు. ఆయనకు మోకాళ్ళ నొప్పి, మోటారు సైకిలు మీద కాలు వెయ్యలేరు. సైడ్‌కారు తగిలించిన బండి ఈ చుట్టుపక్కల క్లబ్బుల్లో నా ఒక్కడికే ఉంది. ఎంకి పెళ్ళి సుబ్బి చావుకొచ్చినట్టు, మేజరుగారి మోకాలు నా ప్రాణానికొచ్చింది. చిత్తూరు స్టేషనులో ఆయన్ని దించుకుని, పక్కతొట్టిలో కూర్చోబెట్టుకుని, మే నెల ఎండలో ఘాటు రోడ్డు ఎక్కాను.

బైరకూరు

పలమనేరు దాటి కర్ణాటకలో అడుగు పెట్టాక కూడా తెలుగు వదల్లేదు. బోర్డులు కన్నడం, మాటలు తెలుగు. నంగలి తర్వాత పెద్దరోడ్డు దిగి బైరకూరు వైపు తిరిగాం. మేజరుగారికి అక్కడొక పాత సిపాయి తెలుసు. సైన్యం వదిలి వచ్చి ఊళ్ళో పట్టుపురుగులు పెంచుకుంటున్నాడు.

ఇల్లు ఇంకా కూతవేటు దూరం ఉండగానే ఒకామె రోడ్డుకు అడ్డంగా చేతులు చాపి నిలబడింది. సిపాయిగారి భార్య ఆమె.

"ఆడే ఆపుకోండప్పా! ఆ పొగ పురుగుల మీదికి వస్తే ఇంగ మేము అడుక్కు తినాల్సిందే."

పట్టుపురుగుకు పెట్రోలు వాసన పడదట, బీడీ వాసన పడదట, అత్తరు కూడా పడదట. బండి ఆపేసి నెట్టుకుంటూ వెళ్ళాను. మేజరుగారు తొట్టిలోంచి దిగలేదు, మోకాళ్ళ నొప్పి కదా. నోట్లో చుట్ట మాత్రం ఆమె పీకి పారేయించింది. సైన్యంలో ఆయన్ని ఎవరూ అలా కసిరి ఉండరు. నోరెత్తకుండా చేతులు కడుక్కున్నారు.

మధ్యాహ్నం రాగిముద్ద, మొలకెత్తిన ఉలవల పులుసు. ముద్దను నమలకూడదు, పులుసులో అద్ది మింగాలి. నాకు ఈ సంగతి తెలియక నమిలాను. చూస్తున్న పిల్లలకు అదొక వినోదమైంది. మా వైపు అన్నం తిన్నవాడికి మూడు గంటల్లో మళ్ళీ ఆకలేస్తుంది. ఆ ముద్ద మాత్రం మర్నాటి దాకా నా కడుపులోంచి కదల్లేదు. వస్తూ వస్తూ ఆమె తొట్టిలో మేజరుగారి కాళ్ళ చుట్టూ మామిడికాయలు సర్దింది. డబ్బిస్తానంటే, "చెట్టుకు మేమేమన్నా జీతమిస్తామా?" అంది.

ముళబాగిలు, తమక

ఆ మామిడికాయల బరువుకేమో, ముళబాగిలు రాకముందే సైడ్‌కారును బండికి కలిపే ఇనపకమ్మీ చిట్లింది. ఒక సైకిలు షాపాయన ధైర్యం చెప్పి, తీగతో గట్టిగా బిగించి కట్టాడు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ఆ తీగ లాగిన లాగుడుకు రెండో కమ్మీ కూడా వంగిపోయింది. ఆ దిగులులోనే ముళబాగిలు దోసె తిన్నాను. దిగులులో తిన్నా బాగుందంటే ఇంక మీరే ఊహించుకోండి. మన దోసెలా కాగితం కాదు, చెయ్యంత మందం, పైన కరకర, లోపల మెత్తన, మధ్యలో ఎర్రకారం, మీద నెయ్యి. మేజరుగారు ఒకటి చాలన్నారు గాని మూడు తిన్నారు.

వెల్డింగు చెయ్యాలంటే కోలారు పక్కన తమకకు పొమ్మన్నారు. మేం వెళ్ళవలసిన దారి వేరు. అయినా మెల్లగా, ఎడ్లబండి కూడా మమ్మల్ని దాటిపోయే వేగంతో తమక చేరాం. అక్కడ వరసగా చిన్న చిన్న షెడ్లు. వెల్డింగాయనకు కరెంటు లేదు, ఎప్పుడొస్తుందో తెలియదు. షెడ్డు ముందు బెంచీ మీద మామిడికాయలు కోసుకు తింటూ కూర్చున్నాం. అప్పుడడిగాను మేజరుగారిని, అసలీ సంఘం ఎలా పుట్టిందని.

"పుట్టడమేముందోయ్! తగాదాల్లోంచి పుట్టింది," అన్నారాయన.

ముందు ఉన్నవి క్లబ్బులేనట. మద్రాసుదొకటి, కలకత్తాదొకటి, బొంబాయిదొకటి, బెంగుళూరుదొకటి. యుద్ధమయ్యాక వదిలేసిన విమానాల మైదానాలు ఖాళీగా పడి ఉంటే, వాటి మీద బళ్ళు పరిగెత్తించేవాళ్ళు. ఎవరికి వారే యమునా తీరే. ఒకచోట టోపీ లేనిదే ఎక్కనివ్వరు, ఇంకోచోట తలపాగా చాలు. ఒకచోట మోసం చేసి పట్టుబడ్డవాడు రైలెక్కి ఇంకో ఊళ్ళో కప్పు గెలుచుకునేవాడు. మనవాడెవడైనా విదేశాల్లో పందేనికి వెళ్తానంటే, అక్కడివాళ్ళు మీ దేశానికంతా కలిపి ఒక్క సంఘముంటే దాని చీటీ తెమ్మనేవారు. ఆ ఒక్క సంఘం ఎవరిదనే దగ్గర మళ్ళీ తగాదా. చివరికి నాలుగు ఊళ్ళవాళ్ళు ఒక గదిలో కూర్చుని, ఏ జెండా ఊపితే ఏమర్థం అన్న దగ్గర్నించి మొదలుపెట్టి ఒక రూల్సు పుస్తకం రాసుకున్నారట. నడిపేవాడికి లైసెన్సు, దానికి ముందు డాక్టరు పరీక్ష, పందేనికి ఇన్సూరెన్సు, చూడటానికి బయటి ఊరి మనిషి. ఇదీ సంఘం పని.

"ఒక్క ముక్కలో చెప్పాలంటే మా పని వద్దనడం. ఈ దారి వద్దు, ఈ బ్రేకు వద్దు, ఈ మనిషి వద్దు. అందుకే మమ్మల్ని ఎవరూ పెళ్ళిళ్ళకు పిలవరు."

పొద్దు వాలుతుండగా కరెంటొచ్చింది. వెల్డింగాయన కమ్మీ అతికించి, మేమెక్కడికి పోతున్నామో విని నవ్వాడు. "గనులోళ్ళ పందెమా? వాళ్ళు దిబ్బ మీద నడిపేది చూస్తే మీకు జరమొస్తాది సార్. మెల్లగా చూడండి."

గనుల ఊరు

బంగారుపేట మీదుగా మర్నాడు పొద్దున్నే గనుల ఊరు చేరాం. దొరల కాలంలో కట్టిన బంగళాలు అలాగే ఉన్నాయి, తోటమాలి లేని తోటలతో. గనులు సర్కారువయ్యాయి కాబట్టి బంగళాల్లో ఇప్పుడు మన ఆఫీసర్లు. కార్మికులకు మాత్రం పాత లైన్లే: రేకుల కప్పుల ఇళ్ళు, చెయ్యి చాపితే ఎదురింటి గోడ. వాటి వెనక ఎటు చూసినా సైనేడు దిబ్బలు. రాయిని పిండిచేసి, సైనేడుతో కడిగి బంగారం తీసుకున్నాక మిగిలిన తెల్లమట్టిని పోసీ పోసీ కొండలు చేశారు. గాలి వీస్తే ఊరంతా పిండిమర. వేసుకున్న తెల్లచొక్కా ఇంకా తెల్లనవుతుంది.

భాష సంగతి మరీ విడ్డూరం. బజారులో ఒకామె కూరలవాడితో తెలుగులో మొదలుపెట్టి, అరవంలో బేరమాడి, కన్నడంలో తిట్టి, "సరే, గుడ్‌మార్నింగ్" అని వెళ్ళిపోయింది. మా ఊళ్ళో ఒక్క భాషలోనే ఇంత పని జరగదు.

మోటారు సైకిళ్ళ క్లబ్బు ఒకప్పుడు దొరలదట. వాళ్ళు పోయాక తాళం పడిన షెడ్డును గనిలో పనిచేసేవాళ్ళు అడిగి తీసుకున్నారు. రెండు పొగగొట్టాల పాత బళ్ళు కొనుక్కుని, అవసరమైనవి పీకేసి, అవసరం లేనివి ముందే పీకేసి, ఆదివారాలు దిబ్బల మీద నడుపుతారు. వాళ్ళందరిలో మొనగాడు గోవిందప్ప. భూమి లోపల దుంగలు నిలబెట్టి కప్పు కూలకుండా చూసే పని. తాతల నాడు పుంగనూరు పక్కనుంచి వచ్చిన కుటుంబం. మనిషి బక్కగా ఉంటాడు, మాట్లాడేటప్పుడు మధ్యలో ఊపిరికి ఆగుతాడు.

ఈ పందేనికి సంఘం గుర్తింపు దొరికితే, మొదట వచ్చిన ఇద్దరూ మద్రాసులో జరిగే దేశం పందేనికి వెళ్ళవచ్చు. గోవిందప్ప దానికోసమే ఉన్నాడని షెడ్డులో అందరూ చెప్పారు. అసలు సంగతి చెప్పింది మాత్రం ఆయన భార్య ముత్యాలమ్మ. మాకు కాఫీ తెచ్చి, మొగుడు అటు తిరగ్గానే అంది:

"ఈ ఏటికే సార్ ఈయన ఆట. రాతిదుమ్ము పట్టేసినాది రొమ్ములో. ఈ ఏడు డాక్టరు కాయితం మీద పాసని రాసినాడు గానీ, వచ్చే ఏటికి రాసేది లేదని మొగం మీదే చెప్పినాడు. ఒక్కసారి మద్రాసు పోయి వస్తే ఇంగ ఈయన నిద్రపోతాడు, నన్నూ నిద్రపోనిస్తాడు."

మేజరుగారు కాఫీ గ్లాసులోకి చూస్తూ విన్నారు.

ఆ సాయంత్రం షెడ్డు ముందు నడిపేవాళ్ళందరినీ కూర్చోబెట్టి ఆయన ఇంగ్లీషులో రూల్సు చదివారు. నేను ఒక్కొక్కటీ తెలుగులోనూ అరవంలోనూ చెప్పాను. పసుపు జెండా అంటే మెల్లగా, ఎర్రజెండా అంటే ఆగిపో. పడినవాణ్ణి చూసుకోవడానికి జెండా మనుషులుంటారు, మీ పని కాదు. అన్నిటికన్నా పెద్దది: ఏం జరిగినా సరే, పందెం సాగే దారిలో ఎదురు దిశకు బండి తిప్పరాదు. తిప్పినవాడికి ఆ పందెమే కాదు, ఆ ఏడాదంతా లేదు. అందరూ తలలూపారు. గోవిందప్ప రెండుసార్లు ఊపాడు.

దిబ్బ

మర్నాడు ఆదివారం, ఊరు ఊరంతా వచ్చింది. గొడుగులు, చంకలో పిల్లలు, ఉప్పుకారం చల్లిన మామిడి ముక్కలు, మురుకుల బండి. దారి దిబ్బ ముందు మొదలై, నిట్టనిలువుగా ఎక్కి, వెనక వైపు దిగి, వానలకు కోసుకుపోయిన గండ్ల మధ్యగా చుట్టి వస్తుంది. వెనక వైపు ఏం జరిగేదీ ముందున్నవాళ్ళకు కనపడదు. అందుకు క్లబ్బువాళ్ళు తమ పద్ధతొకటి పెట్టుకున్నారు. గని నోటి దగ్గర గంట కొట్టే పనిచేసి రిటైరైన వెంకటస్వామి అనే పెద్దాయన ఒక పలక ముందు కూర్చున్నాడు. పలకకు కొక్కేలు, కొక్కేలకు నంబర్ల ఇత్తడి బిళ్ళలు. ఒక్కొక్కడూ చుట్టు తిరిగి ముందుకు రాగానే వాడి బిళ్ళను పక్క కొక్కేనికి మారుస్తాడు. గనిలోకి ఎవరు దిగారో, ఎవరు పైకొచ్చారో చూసుకునే పద్ధతే అది. ఆయన తలపైన వేలాడదీసిన రైలుపట్టా ముక్క ఒకటి ఉంది. అలంకారం అనుకున్నాను.

జెండా పడింది. తెల్లపిండి లేచింది. తమక వెల్డింగాయన చెప్పిన జ్వరం నాకు నిజంగానే వచ్చింది. గోడలా ఉన్న దిబ్బను ఆ బళ్ళు బల్లుల్లా ఎక్కాయి. గోవిందప్ప అందరికన్నా ముందున్నాడు. అతని వెనకాల బెంగుళూరు నుంచి వచ్చిన ఒక కుర్రవాడు, కొత్త బండి, కొత్త బూట్లు. మూడో చుట్టుకు గోవిందప్పకూ వాడికీ మధ్య దిబ్బ సగం దూరముంది. ముత్యాలమ్మ నోట్లో కొంగు కుక్కుకుని చూస్తోంది. మేజరుగారు కూడా కుర్చీలోంచి లేచి, మోకాలి సంగతి మరిచి నిలబడ్డారు.

ఆ చుట్టులో ఒక బిళ్ళ కొక్కెం మారలేదు. చిన్నప్ప అనే అతనిది. వెంకటస్వామి కాసేపు చూశాడు. తర్వాత లేచి ఇనపకడ్డీ తీసుకుని రైలుపట్టాను కొట్టాడు, ఆగి ఆగి, ఒక వరస ప్రకారం. గనిలో మనిషికి ప్రమాదం జరిగినప్పుడు కొట్టే గంట అది.

జనంలో మాట ఆగిపోయింది. మామిడి ముక్కలమ్మేవాడు బుట్ట కింద పెట్టేశాడు. దిబ్బ మీద అప్పటికే శిఖరం దాటబోతున్న గోవిందప్ప బండి ఒక్కసారి నిలిచింది. పక్కకు తిరిగి, వచ్చిన దారినే కిందికి, ఎదురు దిశలో దూకింది. చిన్నప్పను దాటి వచ్చిన చోటు అతనికి గుర్తుండాలి. మిగతా గనివాళ్ళ బళ్ళన్నీ ఎక్కడివక్కడ తిరిగి అతని వెనకే వెళ్ళాయి. జెండా మనుషులు కూడా గనివాళ్ళే, జెండాలు పారేసి పరిగెత్తారు. ఎర్రజెండా ఎవరూ ఊపలేదు. పక్కనున్న మేజరుగారు "నో, నో, నో" అంటూనే ఉన్నారు.

చిన్నప్ప గండిలో పడి ఉన్నాడు. బండి తొడ మీద ఉంది, ముఖం సగం మట్టిలో కూరుకుపోయింది. ముందు చేరింది గోవిందప్పే. ముక్కులోంచి మట్టి తీసి ఊపిరాడించాడు. కాలెముక విరిగింది, ప్రాణం దక్కింది.

ఈలోపు బెంగుళూరు కుర్రవాడు ఆ గంట ఏమిటో తెలియక, గండిలో దిగినవాళ్ళు దుమ్ములో కనపడక, మిగిలిన చుట్లు ఒంటరిగా తిరిగి, గెలుపు గీత దాటి చెయ్యెత్తాడు. చప్పట్లు కొట్టడానికి ఒక్కడూ లేడు. హెల్మెట్ తీసి, చుట్టూ చూసి, "అందరూ ఎక్కడికెళ్ళారు?" అని నన్నడిగాడు. వాడిదీ తప్పు లేదు పాపం.

లైనింట్లో

మేజరుగారు ఆ మధ్యాహ్నమంతా షెడ్డులో ఒక్కరే కూర్చున్నారు. దీపాలు పెట్టే వేళకు నన్ను పిలిచి గోవిందప్ప ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఇరుకింట్లో మంచం మీద చిన్నప్ప కట్టుకట్టిన కాలు చాపుకుని సంగటి తింటున్నాడు. పెళ్ళికానివాడు, చూసుకునేవాళ్ళు లేరని గోవిందప్ప తన ఇంటికే తెచ్చాడు. మాకు కుర్చీ ఒకటి, బియ్యం డబ్బా ఒకటి వేశారు. డబ్బా నాకొచ్చింది.

"గోవిందప్పా," అన్నారు మేజరుగారు, "నిన్న నేను చదివిన రూలు నీకు సరిగ్గా అర్థమై ఉండదు. భాష వేరు కదా. అర్థం కాలేదని మీరంతా చెబితే, వచ్చే ఆదివారం పందెం మళ్ళీ పెట్టించే వీలు నాకుంది."

అడగడంలోనే జవాబు పెట్టి ఇచ్చారాయన. ముత్యాలమ్మకు అది వెంటనే తెలిసింది. "అర్థం కాలేదని చెప్పు," అంది గుమ్మంలోంచి.

గోవిందప్ప ఊపిరికి ఆగాడు. "అర్థమైనాది సార్. నెల్లూరు సారు రెండు బాసల్లో చెప్పినాడు."

"చెప్పు మావా, అర్థం కాలేదని చెప్తే ఏం పోతాది?"

"ఏం పోదు. మల్లా ఆదివారం గంట కొడితే మల్లా తిరుగుతా కదమ్మే. అప్పుడేం చెప్పేది?"

అప్పుడు మేజరుగారు తమకలో నాకు చెప్పని సంగతి చెప్పారు. సంఘం పుట్టకముందు, ఒక పాత విమానాల మైదానంలో పందెం. ఒకడు పడ్డాడు. పడినవాడి స్నేహితుడొకడు ముందు పోతూ అది చూసి, బండి తిప్పి ఎదురొచ్చాడు. దుమ్ములో వెనకాల వచ్చేవాడికి కనపడలేదు. పడినవాడు లేచి దులుపుకున్నాడు. గుద్దుకున్న ఇద్దరూ లేవలేదు. ఆ మలుపులో జెండా పట్టుకుని నిలబడింది మేజరుగారే.

"ఆ తర్వాతే అన్ని క్లబ్బులూ ఒక గదిలోకి వచ్చాయి. మేం రాసుకున్న మొదటి రూలు అదే."

గోవిందప్ప ముందుకు జరిగి అడిగాడు:

"ఆ ఇద్దరి పేర్లేంది సార్?"

మేజరుగారు చెప్పారు. గోవిందప్ప, చిన్నప్ప ఆ పేర్లను మెల్లగా తిరిగి అనుకున్నారు. చనిపోయినవాళ్ళ పేర్లు అలా అనుకోవడం అక్కడి అలవాటని తర్వాత విన్నాను.

"అట్లయితే ఆ రూలు ఉండాల సార్," అన్నాడు గోవిందప్ప. "తీసేయొద్దండి. మా గంట కూడా అట్లనే వచ్చినాది. లోపల రాయి పేలి, ఎవురు ఉండారో ఎవురు లేరో తెలీక మనుసులు పోయినాక పెట్టినారు. అదీ ఉండాల. రెండూ ఉండాల. నేను ఒకణ్ణి ఉండను, అంతే కదా."

మేజరుగారు అక్కడే, నా టార్చి వెలుతురులో, తిరిగిన అందరినీ ఆ పందెంలోంచీ ఆ ఏడాదిలోంచీ తీసేసి, కప్పు బెంగుళూరు కుర్రవాడికి రాశారు. క్లబ్బుకు గుర్తింపు ఇచ్చారు, గంట మోగగానే అన్ని మలుపుల్లోనూ ఎర్రజెండాలు లేవాలి, బళ్ళు ఉన్నచోటే ఆగాలి అన్న షరతుతో. ముందు ముందు నడిపేవాళ్ళకు అది మంచిదే. నాకు మాత్రం ఆయన మీద ఒళ్ళు మండింది. ఆ చీటీలో ఒక్క అబద్ధం రాస్తే ఆకాశం విరిగి పడేదా అనిపించింది. ఆ మంట ఈనాటికీ పూర్తిగా చల్లారలేదు. ఆయన చేసింది తప్పని మాత్రం అనలేను.

బయల్దేరిన పొద్దు

మర్నాడు చెప్పిపోదామని లైను దగ్గర ఆగాం. గోవిందప్ప వీధిలో బండిని కడిగి నిలబెట్టాడు. నంబరు రేకు విప్పి గోడకు ఆనించి ఉంది. పందెం కోసం తీసేసిన వెనక సీటును తెచ్చి బిగిస్తున్నాడు. ముత్యాలమ్మ కొత్త చీర కట్టుకుని, చేతిసంచీతో గడపలో నిలబడి తొందరపెడుతోంది.

"మూణ్ణెల్లయినాది సార్ ఆ సీటు పీకేసి. బజారుకు నడిచే పోతా ఉండాను," అని నాకు ఫిర్యాదు చేసింది.

గోవిందప్ప ఆఖరి నట్టు బిగించి, సీటును అరచేత్తో రెండుసార్లు తట్టి చూసి, "ఎక్కమ్మే," అన్నాడు. ఆమె ఎక్కి అతని నడుము పట్టుకుంది. మేజరుగారు తొట్టిలోంచి, ఆ మోకాళ్ళతోనే, లేచి నిలబడ్డారు. గోవిందప్ప ఆయనకు తలూపి, బండిని రోడ్డుకు ఎడమ పక్కగా, మెల్లగా, గుంటలు తప్పించుకుంటూ బజారు వైపు పోనిచ్చాడు.